304 ఫ్లాట్‌లో జర్మనీ బ్యాచిలర్

మా బిల్డింగ్ గోడ మీద రెండు బోర్డులుంటాయి. ఒకటి ‘ఫ్యామిలీలకు మాత్రమే, బ్యాచిలర్లకు లేదు’ అని. దాన్ని ఆఫీసు వాళ్ళు ఇంగ్లిషులో, అరబీలో రాయించి పంపారు. రెండోది ‘పెంపుడు జంతువులు కూడదు’ అని. ఇది నేను పట్టుబట్టి పెట్టించుకున్నది. దాని కింద తెలుగులో కూడా ఒక లైను నా చేత్తో పెయింటు వేశాను. షార్జా మొత్తం మీద తెలుగు బోర్డున్న బిల్డింగ్ మాదొక్కటేనని నా నమ్మకం. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధంగా ఉన్నాను కానీ, ఇంతవరకు ఎవరూ అనలేదు.

నా పేరు ఆశన్న. జగిత్యాల దగ్గర మల్యాల మాది. అల్ నహ్దాలోని ఈ బిల్డింగ్‌కు పద్నాలుగేళ్ళుగా వాచ్‌మన్‌ని. మెట్ల కింద మీటర్ల గది పక్కన నా గది. కుక్కలంటే నాకు పడదు. తొమ్మిదో ఏట ఒకటి నా పిక్క పట్టుకుంది. కరిచినందుకు కాదు నా కోపం. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకుని నేను ఏడుస్తూ బయటికొస్తే, అదే కుక్క ఆస్పత్రి గేటు దగ్గర కూర్చుని నన్ను తీరిగ్గా చూసింది. ఆ చూపు నేనింకా మరిచిపోలేదు.

నా చేతిలో ఉండే అధికారం ఒక్కటే, రిజిస్టర్. ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని పన్నెండు మంది మంచాలేసుకుంటున్నారని ఆ మధ్య చుట్టుపక్కల తనిఖీలు జరిగాయి. అప్పుడు మా మేనేజ్‌మెంట్ ఆఫీసు ఈ రిజిస్టర్‌ను పంపింది. ఫ్లాటు నంబరు, పేరు, దేశం, వయసు, పని, స్పాన్సర్, చివర ఒక గడిలో ఫ్యామిలీ లేదా బ్యాచిలర్. ఈ దేశంలో బ్యాచిలర్ అంటే పెళ్ళికానివాడని కాదు. పెళ్ళాం పక్కన లేనివాడని. నలుగురు పిల్లల తండ్రయినా సరే, ఒంటరిగా విమానం దిగితే బ్యాచిలరే. ఈ ఏడు గడులూ నిండితేనే మనిషి ఈ బిల్డింగ్‌లో ఉన్నట్టు. పేరు లేనివాడు నా దృష్టిలో ఖల్లివల్లి, అంటే కాగితాల్లేకుండా దొంగచాటుగా బతికేవాడు. నా బిల్డింగ్‌లో ఖల్లివల్లి ఒక్కడూ లేడని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

304లో సుభాషిణి అనే అమ్మాయి ఉంటుంది. కాకినాడ పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. దుబాయ్‌లో ఒక బ్యాంకు కాల్ సెంటర్‌లో ఉద్యోగం. ఒంటరి ఆడపిల్లను రిజిస్టర్‌లో ఏమని రాయాలని అడిగితే, ఆఫీసులో మా మీద పెద్దగా ఉన్న హయాత్ బాషా సార్, "ఆడోళ్ళు ఉంటే అది ఫ్యామిలీనే అప్పా" అన్నాడు. అలాగే రాశాను. తెల్లకర్రతో రోజూ బస్సు దాకా వెళ్ళేది. ఒకసారి రోడ్డు తవ్వి వదిలేసిన గుంతలో కాలు పడి నెలరోజులు కట్టుతో తిరిగింది. ఆ గుంతలోంచి ఆమెను పైకి లాగింది నేనే. కర్ర విరిగిపోయింది. ఆమె ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఆమె నెల సెలవు పెట్టి ఎక్కడికో వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో కర్ర లేదు, కుక్క ఉంది. పసుపు రంగు కుక్క, దూడంత ఉంది. దాని ఒంటికి కట్టిన పట్టీకి ఒక పిడి, ఆ పిడి ఆమె చేతిలో.

"గీడనే ఆగుండ్రి మేడం," అన్నాను కుర్చీ వెనక్కి వెళ్ళి. "గా కుక్క ఎవలది?"

"నాదేనండి. పేరు హెన్రీ."

"బోర్డున్నది మేడం," అన్నాను. ఆమె బోర్డు చూడలేదని గుర్తొచ్చి, చదివి వినిపించాను. తెలుగు లైను రెండుసార్లు చదివాను.

ఆమె ఓపిగ్గా విన్నది. "ఇది పెంపుడు కుక్క కాదు బాబాయ్ గారూ. పని చేసే కుక్కండి. నాకు దారి చూపించడమే దీని ఉద్యోగం. ఆఫీసు వాళ్ళకి రెండు నెల్ల కిందటే మెయిల్ పెట్టానండి. జవాబే లేదు."

"పని చేస్తదా? కాగితాలున్నయా?"

ఈ దేశంలో నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే, కాగితాలు చూడటం. ఆమె సంచిలోంచి ఫైలు తీసింది. పాస్‌పోర్టు ఉంది, ఫొటోతో సహా. దేశంలోకి రావడానికి పర్మిట్ ఉంది. టీకాల మెడికల్ ఉంది. మున్సిపాలిటీలో నమోదు ఉంది. మెడ కింద చర్మంలో నంబరున్న చిప్ ఉందట, అంటే మనకు ఐడీ కార్డు ఉన్నట్టే. రెండేళ్ళు ట్రైనింగ్ పాసైన సర్టిఫికెట్ కూడా ఉంది. నేను ఏడో తరగతి ఫెయిల్. నాకు కుర్చీ వెనక నిలబడటం సిగ్గనిపించింది.

నేను అక్కడే ఆలోచించాను. పెంపుడు జంతువుకు ఇన్ని కాగితాలుండవు. పని ఉంది, పర్మిట్ ఉంది, మెడికల్ ఉంది, స్పాన్సర్ ఎదురుగానే ఉంది. వీడు జంతువు కాదు, మాలాంటి వర్కర్. వర్కర్లు కూడదని బోర్డులో లేదు. కాకపోతే వర్కర్ అన్నాక రిజిస్టర్‌లో పేరుండాలి. రిజిస్టర్ తీసి పెన్ను పట్టుకున్నాను.

"ఏ దేశం?"

"జర్మనీ నుంచి వచ్చాడండి. అక్కడే ట్రైనింగు."

"వయసు?"

"నాలుగేళ్ళండి. మన మనుషుల్లో అయితే ముప్పై అనుకోండి."

మనుషుల రిజిస్టర్ కాబట్టి ముప్పై రాశాను. పని దగ్గర గైడ్ అని, స్పాన్సర్ దగ్గర సుభాషిణి అని రాశాను. చివరి గడి మిగిలింది. "పెండ్లాం పిల్లలు?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "లేరండి."

బ్యాచిలర్ అని రాశాను. ఇంగ్లిషు పెద్దక్షరాల్లో, ఎక్కడా కొట్టివేత లేకుండా. రాసి తృప్తిగా చూసుకున్నాను. ఫ్యామిలీ బిల్డింగ్‌లో బ్యాచిలర్‌ని రాస్తున్నానన్న సంగతి ఆ క్షణంలో నా బుర్రకు తట్టనే లేదు.

"ఒక్క మాటండి," అంది సుభాషిణి వెళ్తూ. "డ్యూటీలో ఉన్నప్పుడు దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు, పిలవకూడదు, తినడానికేం పెట్టకూడదు. దాని మనసు చెదిరితే నేను పడిపోతానండి. ఇక దీని వల్ల ఎవరికి ఏ ఇబ్బందైనా నాదే పూచీ. బయట పట్టీ విప్పను. పాడు చేస్తే నేనే ఎత్తుతాను, సంచులున్నాయండి."

ముట్టుకునే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదని మాటిచ్చాను.

మూడు వారాల్లో నా అభిప్రాయం కొంత మారింది. ప్రేమేమీ పుట్టలేదు, మర్యాద పుట్టింది. హెన్రీ మొరగడు. లిఫ్టు తలుపు పూర్తిగా తెరుచుకుంటే గాని కదలడు. రోడ్డు అంచున ఠక్కున ఆగుతాడు, బండ్లు పోయాక ఆమె చెప్తే కదులుతాడు. మా బిల్డింగ్‌లో మనుషులెవరికీ లేని లక్షణాలివి. టీ కొట్టు దగ్గర ఎవరైనా ‘చుచ్చు’ అంటూ చెయ్యి చాస్తే నేనే అడ్డం వెళ్ళేవాణ్ణి. "డ్యూటీల ఉన్నడు భాయ్, జరుగుండ్రి" అనేవాణ్ణి. ఆమె వాడితో జర్మనీ మాటలు మాట్లాడేది. వాడు నేర్చుకున్నది ఆ భాషలోనట. జిట్స్ అంటే కూర్చోవడం, ప్లాట్స్ అంటే పడుకోవడం. అంతా బాగానే ఉంది, 305లో ఉమాదేవి గారు ఊరి నుంచి తిరిగొచ్చేదాకా.

ఉమాదేవి గారిది తెనాలి. బిల్డింగ్ వాట్సాప్ గ్రూపు ఆవిడదే. భర్త ఫుజైరాలో ఓడల ఆయిల్ కంపెనీలో పని చేస్తూ వారానికోసారి వస్తాడు. వచ్చిన రోజున కూడా ఎక్కువ మాట్లాడడు.

"ఏందయ్యా ఆశన్నా, ఆ బోర్డు గోడకి అందానికి పెట్టావా?" అంది వచ్చిన రోజే. "స్నానం చేసి దీపం పెట్టుకుని లిఫ్టు ఎక్కితే నా పక్కన కుక్క. నేను మెట్లెక్కాలా, అది ఎక్కాలా?"

"అది కుక్క గాదమ్మా, వర్కర్. కాగితాలున్నయి," అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఆఫీసుకు ఫిర్యాదు పెట్టింది. 304లో కుక్క ఉందని. ఆ ఫిర్యాదు పట్టుకుని బాషా సార్ నేను నెలనెలా పంపే రిజిస్టర్ ఫొటోలు తెరిచాడు. కుక్క కోసం వెతుకుతుంటే ముప్పై ఏళ్ళ జర్మనీ బ్యాచిలర్ దొరికాడు.

ఆయన అడిగింది నన్ను కాదు, ఉమాదేవి గారిని. అప్పుడు నేను ఆవిడ వంటింట్లో కుళాయి బిగిస్తున్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడింది.

"మేడం, 304లో ఎవురో జర్మనీ వాడు ఉండాడంట. మీరు చూసినారా?"

ఉమాదేవి గారిలో దీపం వెలిగినట్టయింది. "చూళ్ళేదండి, విన్నాను. అదా సంగతి. రోజూ పొద్దున్నే ఆ పిల్ల ఇంగ్లిషు కాదు, హిందీ కాదు, ఏదో భాషలో గట్టిగా మాట్లాడుద్ది. ఆ అబ్బాయి మాత్రం తిరిగి ఒక్క మాటనడు. అంత అణకువ గల మగాడిని నేనింతవరకు చూళ్ళేదు."

"అట్లయితే ఆ కుక్క వానిదే అయ్యుంటాది," అన్నాడు బాషా సార్.

"అంతేనండి. తెల్లవాళ్ళకి కుక్కలంటే ప్రాణం కదా."

నా చేతిలో పానా జారి కాలి మీద పడింది. సంగతి అంతా నాకు అర్థమైంది, ఆ గదిలో నాకొక్కడికే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. భయం. నెల కిందట పక్క బిల్డింగ్ వాచ్‌మన్ ఒకడు రిజిస్టర్‌లో తప్పు రాశాడని వీసా క్యాన్సిల్ చేసి పంపించారు. "తప్పు రాస్తే ఖలాస్" అని బాషా సార్ మా అందరికీ చెప్పి ఉన్నాడు. యాభై రెండేళ్ళ వాచ్‌మన్‌కు ఇంకో చోట ఎవరూ వీసా తియ్యరు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది, నేను అయిపోయిందని చెప్పి వచ్చేశాను.

రాత్రంతా ఉపాయం వెతికాను. పేరు కొట్టేస్తే బ్యాచిలర్ పోతాడు, కానీ కుక్క పెంపుడు జంతువుగా మిగిలిపోతుంది. ఉంచితే కుక్క వర్కర్‌గా బతుకుతుంది, కానీ బ్యాచిలర్ పట్టుబడతాడు. ఎటు తిప్పినా ఆ పిల్ల ఇల్లే పోతోంది.

నోటీసు రెండు రోజుల్లో వచ్చింది. చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాల్సింది నేనే. సుభాషిణి తలుపు తీసి, కాగితం మీద ఫోన్ పెట్టింది. ఫోన్ చదవడం మొదలుపెట్టింది. పెళ్ళి పిలుపు చదువుతున్నంత హుషారైన గొంతు. ఫ్యామిలీ బిల్డింగ్‌లో మిస్టర్ హెన్రీ అనే పురుషుణ్ణి అనుమతి లేకుండా ఉంచుకున్నందుకు, సదరు హెన్రీకి చెందిన కుక్కను పెంచుతున్నందుకు, బుధవారం సాయంత్రం తనిఖీ చేసి, నిజమని తేలితే ముప్పై రోజుల్లో ఖాళీ చేయించబడును.

హెన్రీ తన పేరు రెండుసార్లు విని తోక ఊపాడు.

"ఈ మిస్టర్ హెన్రీ ఎవరండి బాబాయ్ గారూ?"

గుమ్మంలో నిలబడి అంతా చెప్పేశాను. వర్కర్ అనుకున్నానని, ముప్పై అని రాశానని, బ్యాచిలర్ గడి సంగతి, కుళాయి సంగతి. ఆమె మొదట నవ్వింది. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కింద కూర్చుండిపోయింది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది.

"ఈ ఇంటికి ముందు పదకొండు ఇళ్ళు అడిగానండి," అంది. "కళ్ళు లేని అమ్మాయి ఒక్కతే ఉంటే గ్యాస్ అంటించుకుంటుందని ఒకడు, మెట్ల మీంచి పడితే కేసవుతుందని ఒకడు. అప్పుడు కుక్క కూడా లేదు. ఇప్పుడు కుక్కతో పదమూడోది ఎవరిస్తారండి? ఇల్లు కావాలంటే హెన్రీని పంపెయ్యాలి. పంపేస్తే మళ్ళీ ఆ కర్రే, ఆ గుంతలే."

గుంత అనగానే నాకు ఆ రోజు గుర్తొచ్చింది. "నేను ఆఫీసుకు చెప్త బిడ్డా," అన్నాను. అని, వెంటనే భయపడ్డాను.

ఆ భయం ఆమెకు గొంతులో వినిపించినట్టుంది. "మీ ఉద్యోగం పోతుందంటే మీ పేరు నా నోట రాదండి. కుక్క సంగతి నేను మాట్లాడుకుంటాను. రిజిస్టర్ సంగతి మీరు చెప్పాలనుకుంటే చెప్పండి, లేకపోతే లేదు."

బుధవారం దాకా నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ బాలవ్వ ఫోన్‌లో, "ఏమైంది, గొంతు గట్లున్నది?" అంటే ఏసీ పడలేదన్నాను. నా గదిలో ఏసీ లేదని ఆమెకు తెలుసు.

బుధవారం అయిదింటికి బాషా సార్ వచ్చాడు. కడప మనిషి, పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉంటాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికొచ్చాడు. వెనక రిజిస్టర్ పట్టుకుని నేను. మా వెనక, పిలవకపోయినా, ఉమాదేవి గారు. హెన్రీ పట్టీ విప్పేసి ఉంది. ముందు గదిలో చాప మీద పడుకుని కళ్ళు మాత్రం తిప్పుతున్నాడు. బాషా సార్ వాణ్ణి చూసి, "కుక్క ఉండాది, రాసుకో" అన్నాడు. "వాడు యాడ?"

సుభాషిణిని అనుమతి అడిగి బీరువా తెరిచాడు. చీరలు, చుడీదార్లు. తెర వెనక చూశాడు. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గెలిచినవాడిలా బయటికొచ్చాడు, చేతిలో తువ్వాలు. దాని మీద ఇంగ్లిషులో హెన్రీ అని కుట్టి ఉంది.

"ఇది ఎవురిది మేడం?"

"హెన్రీదండి," అంది ఆమె.

అరలోంచి ఒక బ్రష్ తీసి వెలుగులో పట్టి చూశాడు. "జుట్టు పచ్చగా ఉండాది. జర్మనీ వాడే." పడక గదిలోకి తొంగి చూశాడు. మంచం మీద ఒక్క దిండే, కింద వేరే పరుపు. "కింద పండుకుంటాడు. మర్యాదస్తుడే." వంటింట్లో రెండు స్టీలు గిన్నెలు చూసి, "తిండి మాత్రం గట్టిగానే తింటాడు" అన్నాడు. ఉమాదేవి గారు ప్రతిదానికీ తలూపుతోంది.

"మేడం, కడసారి అడుగుతా ఉండా. హెన్రీ ఈ ఇంట్లో ఉండాడా, లేదా?"

"ఉన్నాడండి."

"యాడ?"

సుభాషిణి నోరు తెరిచి, మూసుకుంది. ఆమె ముఖం నా వైపు తిరగలేదు. కానీ ఆమె నా కోసమే ఆగిందని నాకు తెలుసు. ఒక్క మాట చెప్తే తన ఇంటి గొడవలో సగం తీరిపోతుంది. ఆ మాట చెప్తే నా పని అయిపోతుందని మింగేసింది. ఇల్లు పోగొట్టుకోబోతున్న పిల్ల నా ఉద్యోగాన్ని కాపాడుతోంది. నాకు సిగ్గేసింది.

"గీడనే ఉన్నడు సార్," అన్నాను.

"యాడప్పా?"

"మీ కాళ్ళ కాడ. పండుకున్నడు సూడుండ్రి."

బాషా సార్ కిందికి చూశాడు. హెన్రీ పైకి చూశాడు. బాషా సార్ మేజోడుకు ఒక రంధ్రం ఉంది, అందులోంచి వేలు కనిపిస్తోంది. హెన్రీ దాన్ని ఒకసారి వాసన చూసి మళ్ళీ తల వాల్చాడు.

"గాయనే హెన్రీ. రిజిస్టర్ల రాసింది నేను. పని చేస్తడంటే వర్కర్ అనుకున్న, వర్కర్ అంటే పేరు రాసిన. పెండ్లాం లేదంటే బ్యాచిలర్ అని రాసిన. మేడం తప్పేం లేదు సార్. తప్పు నాది. పంపిస్తే నన్ను పంపుండ్రి."

ఉమాదేవి గారు, "అయితే ఆ జర్మనీ అబ్బాయి లేడా?" అంది. ఆవిడ గొంతులో నిజమైన విచారం ఉంది.

బాషా సార్ సోఫాలో కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకోబోయి, అది ఎవరిదో గుర్తొచ్చి పక్కన పెట్టాడు. "ఓనర్‌కు రిపోర్టు పంపినా గదప్పా," అన్నాడు నీరసంగా. "జర్మనీ వాని ఎత్తు, బరువు తప్ప అన్నీ రాసినా. ఇప్పుడేమని రాయాల? వెతికితే కుక్క దొరికిందనా?"

"మూడు నెల్ల కిందట మెయిల్ పెట్టానండి," అంది సుభాషిణి. "అందులో అంతా ఉందండి. ఫొటో కూడా."

ఆయన ఫోన్‌లో వేలితో కిందికి, ఇంకా కిందికి తోసి, ఒక చోట ఆగాడు. ఆ మెయిల్ ఎవరూ తెరవలేదు. తెరవనివాళ్ళలో ఆయన కూడా ఒకడు. అక్కణ్ణుంచి ఆయన గొంతు తగ్గింది, పట్టు మాత్రం తగ్గలేదు. "అది సరే మేడం. కాంట్రాక్టులో పెట్స్ వద్దని ఉండాది. మీరే సంతకం పెట్టినారు."

"పెట్టానండి. కర్ర వద్దని మాత్రం లేదు కదండి. ఇది నా కర్రే, కాకపోతే దీనికి కళ్ళున్నాయి." ఆమె నేల మీద కూర్చుని హెన్రీ వీపు మీద చెయ్యి వేసింది. "ఈ దేశంలో మమ్మల్ని వికలాంగులనరండి, దృఢసంకల్పం ఉన్నవాళ్ళంటారు. మా హక్కులకి చట్టం కూడా ఉంది. కానీ అద్దె ఇంట్లో కుక్క దాకా వస్తే ఆ చట్టం ఏమంటుందని ఇద్దరు లాయర్లని అడిగితే చెరో మాట చెప్పారండి. అందుకే చట్టం పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టను. జాలి కూడా వద్దు. కాగితం రాసుకుందాం. నాకేం ఇస్తారో మీరు రాయండి, నేనేం పాటిస్తానో నేను రాస్తాను. తప్పితే అప్పుడు పంపించండి."

"మరి నా లిఫ్టు?" అంది ఉమాదేవి గారు.

"మీరు లిఫ్టు దగ్గరుంటే ఒక్క మాట చెప్పండి పిన్నిగారూ. మేం తర్వాత వస్తాం. అదీ రాద్దాం."

ఉమాదేవి గారు పోట్లాడటానికి సిద్ధపడి వచ్చింది. ఆ మాటతో చేతిలో ఏమీ లేకుండా పోయింది. "రోజూ ఏమక్కర్లేదు. పండగ రోజుల్లో చాలు," అని గొణిగింది.

బాషా సార్ ఓనర్‌కు ఫోన్ చేశాడు. వరండాలోకి వెళ్ళి అరబీలో చాలాసేపు మాట్లాడాడు. అవతల పెద్దాయన ఒక్కసారి నవ్వడం గదిలోకి వినిపించింది. లోపలికొచ్చి, "నోటీసు ఖలాస్. కాగితం రాయండి," అన్నాడు. "నన్ను చూసి నవ్వినాడు. ఇరవై ఏండ్లలో మొదటిసారి."

కాగితం సుభాషిణి చెప్తుంటే ఫోన్ రాసుకుంది, తర్వాత అందరికీ చదివి వినిపించింది. హెన్రీ పెంపుడు జంతువు కాడు. అతని పేరు మీద అదనపు అద్దె అడగరాదు. లిఫ్టు, దారి, వరండా అతనికి అడ్డు పెట్టరాదు. డ్యూటీలో ఉన్నప్పుడు అతన్ని ఎవరూ కదిలించరాదు. బయట పట్టీ తీయరాదు, పాడు చేసినది ఆమే ఎత్తాలి, ఏదైనా విరిగితే ఆమే బాగు చేయించాలి. ఏడాదికోసారి డాక్టర్‌కు చూపించి ఆ కాగితం ఆఫీసుకు ఇవ్వాలి. డ్యూటీ అయ్యాక అతనికి విశ్రాంతి ఇవ్వాలి. అతను ఎవరితో ఉంటున్నాడో వారి నుంచి అతన్ని విడదీయరాదు.

సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు. పెన్ను పట్టుకున్నాను కానీ, ఆ చివరి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. నాకు హెన్రీ మీద అసూయ కలిగింది. దాచుకోవడం దేనికి.

"సార్, పద్నాలుగేండ్లు చేసిన. నాకు గిసొంటి కాగితం ఒక్కటన్న రాయలే," అన్నాను.

బాషా సార్ సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు. నేను సంతకం పెట్టాను.

"ఇప్పుడు డ్యూటీలో లేడండి," అంది సుభాషిణి. "కావాలంటే ముట్టుకోండి బాబాయ్ గారూ."

"నేను డ్యూటీల ఉన్న బిడ్డా," అన్నాను, తలుపు వైపు ఒక అడుగు జరిగి.

అప్పుడు బాషా సార్ రిజిస్టర్ తీసుకుని 304 పేజీ తెరిచాడు. "ఈ బ్యాచిలర్ కొట్టెయ్ ముందు. ఫ్యామిలీ అని రాయి." రాశాను. ఆయన ఊరుకోకుండా పేజీలు తిప్పుతూ పోయాడు, నా తప్పులు ఇంకెన్ని ఉన్నాయో చూడాలని కాబోలు. చివరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"నీ పేరు యాడ ఆశన్నా?"

నాకు అర్థం కాలేదు.

"మెట్ల కింద గదిలో పండుకుంటావు గదా. పద్నాలుగేండ్లు అంటివి. ఇందులో నీ పేరే లేదే."

నిజమే. మూడు వందల మంది పేర్లు రాశాను. కుక్క పేరు రాశాను. నా పేరు రాయలేదు. నా లెక్క ప్రకారమే ఈ బిల్డింగ్‌లో ఖల్లివల్లి ఒక్కడున్నాడు. వాడు నేనే.

"రాసుకో," అన్నాడు బాషా సార్. హెన్రీ కింద ఇంకో లైను ఖాళీగా ఉంది. గది నంబరు లేదు, మెట్ల కింద అని రాశాను. ఆశన్న. ఇండియా. యాభై రెండు. వాచ్‌మన్. స్పాన్సర్ దగ్గర ఆఫీసు పేరు. చివరి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. అందరినీ అడిగే ప్రశ్నే, పెండ్లాం పిల్లలు? పద్నాలుగేళ్ళలో బాలవ్వ పక్కన నేను గడిపిన రోజులన్నీ కలిపితే ఏడాదిన్నర కూడా కాదు. రూలు ప్రకారం ఏం రాయాలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ మాట రాస్తే, బయట గోడ మీదున్న మొదటి బోర్డు నన్నే పొమ్మంటోంది.

నేను ఫ్యామిలీ అని రాశాను. పక్కన చిన్న అక్షరాల్లో, తెలుగులో, ‘మల్యాలలో ఉన్నది’ అని రాశాను.

బాషా సార్ రిజిస్టర్ అందుకుని ఆ గడిని చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. కాసేపు అలాగే పట్టుకుని, కొట్టెయ్యకుండా కింద తన సంతకం పెట్టాడు.